సముద్రంలో చేపల వేట: పొద్దున ప్రశాంతం.. మధ్యాహ్నానికి గండం! ఫ్రెండ్స్‌తో పడవెక్కే ముందు ఇవి చూసుకోండి

సెలవు దొరికితే చాలు.. నలుగురు ఫ్రెండ్స్ కలిసి పడవ మాట్లాడుకుని, గేలాలతో సముద్రంలోకి వెళ్లే సరదా చాలామందికి ఉంది. గేలానికి వంజరం పడితే ఆ కిక్కే వేరు. కానీ ఒడ్డున ఎండ కాస్తోంది కదా అని సముద్రాన్ని నమ్మేస్తే ప్రాణాల మీదకు వస్తుంది.

ఎందుకిలా మారిపోతుంది?

పొద్దున పూట గాలి తక్కువగా ఉంటుంది. ఎండ ముదిరి నేల వేడెక్కేకొద్దీ సముద్రపు గాలి ఊపందుకుంటుంది, అలలు లేస్తాయి. ఉరుముల మబ్బు కమ్మితే ఇంకా డేంజర్. నేల వైపు నుంచి ఈదురుగాలి వీస్తే పడవ నడిసముద్రంలోకి కొట్టుకుపోతుంది. ఆ టైమ్‌లో ఇంజిన్ ఆగిందంటే అంతే సంగతులు. ఎక్కడో వేల కిలోమీటర్ల దూరంలో తుఫాను రేగినా, ఆ అలలు మన తీరందాకా వస్తాయి. అప్పుడిక్కడ గాలి కూడా ఉండదు.

మొగ దగ్గర జాగ్రత్త

నది సముద్రంలో కలిసే మొగ దగ్గర చాలా అప్రమత్తంగా ఉండాలి. ఆటు సమయంలో బయటకు వెళ్లే నీరు, ఎదురొచ్చే అలలను ఢీకొంటుంది. దాంతో అలలు నిలువుగా లేచి విరుగుతాయి. చిన్న పడవలు బోల్తా పడేది ఇలాగే. అందుకే తిరిగొచ్చే టైమ్‌ను పోటు చూసుకుని పెట్టుకోవాలి.

బయల్దేరే ముందు..

* వాతావరణ శాఖ మత్స్యకారుల హెచ్చరికలు, హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ ఇచ్చే అలల సమాచారం చూడాలి. గంటకు 45-55 కిలోమీటర్ల గాలులని ఉంటే ట్రిప్ మానుకోవాల్సిందే.
* పోర్టులో 3వ నంబర్ హెచ్చరిక ఎగరేస్తే, ఆ రేవుకే ఈదురుగాలుల ముప్పు ఉందని అర్థం.
* తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు మరపడవలకు వేట నిషేధం.
* లైఫ్ జాకెట్ పడవలో పడేయడం కాదు, ఒంటికి తొడుక్కోవాలి.
* ఎటు వెళ్తున్నారో, ఎప్పుడొస్తారో ఇంట్లో చెప్పాలి. ఆపదలో కోస్ట్ గార్డ్ నంబర్ 1554. ఒడ్డుకు దూరమైతే సెల్ సిగ్నల్ అందదు, వీహెచ్‌ఎఫ్ రేడియోలో 16వ ఛానెలే దిక్కు.

మబ్బు చూసి సరంగు ‘వెనక్కి పోదాం’ అన్నాడంటే మారుమాట్లాడొద్దు. ‘ఇంకో అరగంట ఆగుదాం’ అని ఒక్కరు పట్టుబట్టినా, ఆ అరగంటే అందరి ప్రాణాలకూ ముప్పు తెస్తుంది. చేపలు రేపైనా దొరుకుతాయి.