పాఠశాలలో బతుకమ్మ పాట: ఒక పరిశీలనము

సంగీతమును బాలబాలికలకు అందించు మార్గములు రెండు. గురుముఖమున సరళీస్వరములు మొదలుకొని క్రమముగా నేర్పుట ఒకటి. పాడువారి నడుమ నిలిపి, వినుచునే పాడునట్లు చేయుట రెండవది. హైదరాబాదున 1952లో నెలకొల్పబడిన ప్రభుత్వ సంగీత నృత్య కళాశాల మొదటిదానికి నిదర్శనము. రెండవదానికి తెలంగాణమున బతుకమ్మ ఆట చక్కని ఉదాహరణము.

మూసీనదికి దక్షిణముననున్న మలక్‌పేట, గోలకొండ సుల్తాను అబ్దుల్లా కుతుబ్‌షా (1626-1672) సేవకుడగు మలిక్ యాకూబు పేరిట వెలసినదని ప్రసిద్ధి. ఇచట తెలుగు, ఉర్దూ మాటలాడు కుటుంబములు ఇరుగుపొరుగున నివసించుచున్నవి. భాద్రపద బహుళ అమావాస్యనాడు ఎంగిలిపువ్వు బతుకమ్మతో మొదలై, తొమ్మిదవనాడు సద్దుల బతుకమ్మతో ముగియు పండుగ 2014లో రాష్ట్రపు పండుగగా ప్రకటింపబడినది. ఆ దినములలో పెక్కు దసరా సెలవులలో పడుటచే, నగరమున పాఠశాలలు సెలవులకు ముందే ఒకనాడు ప్రాంగణమున బతుకమ్మను పేర్చి ఆడించుట పరిపాటియైనది.

ఈ పాట నిర్మాణము గమనింపదగినది. ఒకామె పాదఖండమును ఎత్తుకొనును. తక్కినవారు దానిని అందుకొందురు. ఖండము చివర ‘ఉయ్యాలో’ అనియో, ‘చందమామ’ అనియో, ‘గౌరమ్మ’ అనియో ఆవృత్తిపదము వచ్చును. వలయముగా తిరుగుచు, వంగి లేచుచు చరచు చప్పట్లే తాళము. మృదంగము గాని శ్రుతిపెట్టె గాని అక్కరలేదు. ఆవృత్తిపదమునకు ప్రయోజనములు మూడు. కథ తెలియని పిల్లయు ఆ పదముతో పాటలో ప్రవేశించును. ఎత్తుకొను ఆమెకు ఊపిరి తీసికొనుటకును, తరువాతి పాదము జ్ఞప్తికి తెచ్చుకొనుటకును అవకాశము చిక్కును. అడుగు తప్పినవారికి మరల కలిసికొనుటకు గురుతు ఏర్పడును. చిన్నపిల్ల తొలియేట ఆ పదమును మాత్రమే పలుకును. పిదప పాదములు నోటికి వచ్చును. కొన్నేండ్లకు తానే ఎత్తుకొనును. వినునది పాడునదిగా మారు ఈ క్రమమే ఇందలి విద్య. ధర్మాంగదుని కథయు, సీత కథయు, అత్తవారింటికి సాగనంపు ఆడపడుచునకు చెప్పు బుద్ధులును ఈ దారినే తరతరములకు దిగివచ్చినవి. ఆచార్య బిరుదురాజు రామరాజుగారి ‘తెలుగు జానపద గేయసాహిత్యము’ 1958లో వెలువడిన పిదప ఇట్టి గేయముల శాస్త్రీయ పరిశీలనము బలపడినది. కాని అచ్చైన పాఠము ఎత్తుగడను, ఊపును నేర్పజాలదు.

ఈ క్రమమునకు నేడు లోటు ఏర్పడుచున్నది. లౌడుస్పీకరున రికార్డు పాట వేసి, దానికి అనుగుణముగా అడుగులు వేయించుట వీథులలోను, పాఠశాలలలోను పెరిగినది. పాడగలవారు లేని చోట పాట ఇట్లుండునని తెలుపుటకు రికార్డు ఉపకరించును. వందలమందికి ఒక్కమారే వినిపించును. అయినను ఎత్తుకొను స్థానము యంత్రమునకు పోయినది. అందుకొను గొంతుకల అవసరమును తగ్గినది. వెనుకబడిన పిల్లకొరకు రికార్డు ఆగదు. పాడు ఆమె ఆగును.

ఉర్దూ మాటలాడు బాలబాలికలకు ఈ నిర్మాణము పరాయిది కాదు. దర్గాలలో వినవచ్చు కవ్వాలీయందును ముఖ్యగాయకుడు చరణమును ఎత్తుకొనగా సహచరులు చప్పట్లతో మరల పాడుదురు. భాష వేరు, ప్రయోజనము వేరు. గొంతుకనుండి గొంతుకకు అందించు పద్ధతి ఒక్కటే. ఈ సామ్యమును తరగతిలో చూపవచ్చును. పండుగలో పాల్గొనుట మాత్రము పిల్లల, తల్లిదండ్రుల ఇష్టమునకు విడువవలెను.

కావున పాఠశాలలు చేయవలసినది స్వల్పము. పిల్లలు అమ్మమ్మల, నాయనమ్మల నోట విని ఒక్కొక్క పాటను వ్రాసికొనవలెను. పేటలో పాడగల పెద్దలను ప్రాంగణమునకు ఆహ్వానింపవలెను. మొదట వారు ఎత్తుకొనగా పిల్లలు అందుకొనవలెను. పిదప పిల్లలే వంతులవారీగా ఎత్తుకొనవలెను. ఆ గంటసేపు లౌడుస్పీకరును ఆపవలెను. పాడు పెద్దలు మనమధ్య ఉన్నప్పుడే ఈ పని జరుగవలెను. వారు లేనినాడు పాఠములు మిగిలినను, వానిని ఎత్తుకొను తీరు తెలియదు.