పట్టీలు లేని సీప్యాప్ మాస్క్ ఎవరికి అనుకూలం?

స్లీప్ అప్నియా బాధితులకు నిద్రలో గొంతు దారి మూసుకుపోయి శ్వాస పదేపదే ఆగుతుంది. 1981లో ఆస్ట్రేలియా వైద్యుడు కోలిన్ సలివన్ ప్రపంచానికి పరిచయం చేసిన సీప్యాప్ విధానం గాలి ఒత్తిడితో ఆ దారిని తెరిచి ఉంచుతుంది. అయితే తల చుట్టూ బిగిసే పట్టీలను భరించలేక చికిత్సనే మానేసేవారున్నారు.

పట్టీలు లేని మాస్క్‌లో ముక్కుపుటాల వద్ద అంటించే జిగురు స్టిక్కర్లకు గాలి గొట్టాన్ని అమరుస్తారు. చర్మంపై జిడ్డు, క్రీము ఉంటే జిగురు నిలవదు. ఒక రాత్రి వాడిన స్టిక్కర్లు మళ్లీ పనికిరావు. కనుక నెలవారీ ఖర్చు ముందే లెక్కించుకోవాలి. జిగురు పడని చర్మానికి ఇది వద్దు. నిద్రలో నోటితో గాలి పీల్చేవారికి నోరూ ముక్కూ కప్పే మాస్కే మేలు.

వైద్యులు నిర్ణయించిన ఒత్తిడితోనే కొన్ని రాత్రులు వాడి, వాడిన గంటలు, గాలి లీకేజీ ఎంతో ఉదయాన్నే యంత్రంలో చూసుకోవాలి. రాత్రికి కనీసం 4 గంటల వాడకాన్ని వైద్యులు సాధారణంగా కొలమానంగా తీసుకుంటారు.