కబురు చేరేదాకా కాపలా

నెలాఖరు వారంలో ఆళ్లగడ్డ సబ్ ట్రెజరీకి చేరిన జీతాల బిల్లు ఒకటో తారీఖుకల్లా పంతులుగారి ఖాతాలో డబ్బుగా పడాలి. ఈలోగా అది మూడు వేరువేరు కంప్యూటర్ వ్యవస్థల చేతులు మారుతుంది. మొదటిది రాష్ట్ర ఆర్థిక శాఖ వాడే సీఎఫ్ఎంఎస్. ఆంధ్రప్రదేశ్ ఖజానా జమాఖర్చులు 2018 నుంచి దీనిలోనే నడుస్తున్నాయి. జర్మనీ కంపెనీ శాప్ సాఫ్ట్‌వేర్ పునాదిగా దీన్ని కట్టారు. రెండోది రిజర్వు బ్యాంకు నడిపే ఈ-కుబేర్. మూడోది పంతులుగారి ఖాతా ఉన్న బ్యాంకుది. మూడింటికీ యజమానులు వేరు, పనివేళలు వేరు, మరమ్మతు కోసం ఆపే సమయాలు వేరు. ఒకటి చెప్పడానికి సిద్ధంగా ఉన్నప్పుడు రెండోది వినడానికి సిద్ధంగా ఉండాలన్న పూచీ లేదు. అయినా బిల్లు దారిలో పోకూడదు. అంతకన్నా ముఖ్యంగా, రెండుసార్లు చెల్లిపోకూడదు.

ఈ పూచీని మోసే సాధనం ఒకటుంది. దానికి ఆకారం లేదు, చప్పుడు లేదు. పంపాల్సిన సందేశాలను వరసలో పెట్టి, అవతలివాడు అందిందని చెప్పేదాకా వదలకుండా పట్టుకునే క్యూ అది. ఆవిరి యంత్రానికీ రేడియోకూ జీవిత చరిత్రలు రాసుకున్నాం. దీనికీ ఒకటి రాయాలని నాకు చాలాకాలంగా ఉంది, ఎందుకంటే ఇవాళ జీతం, పెన్షను, కరెంటు బిల్లు, రైలు టికెట్టు అన్నీ ఏదో ఒక క్యూలో కాసేపు నిలబడి వస్తున్నవే.

దీని పుట్టుక కంప్యూటర్ కన్నా ముందుది. టెలిగ్రాఫ్ రోజుల్లో చిన్న ఊరి తంతి నేరుగా ఢిల్లీకి పోయేది కాదు. ఒక ఆఫీసు నుంచి ఇంకో ఆఫీసుకు అంచెలంచెలుగా పోయేది. టెలిప్రింటర్లు వచ్చాక మధ్యలోని పెద్ద ఆఫీసుల్లో ప్రతి తంతీ ఒక కాగితపు టేపు మీద అయిదు వరసల రంధ్రాలుగా పడేది. ఆపరేటరు ఆ టేపు ముక్కను చింపి, ఏ ఊరి లైనుకు పోవాలో ఆ లైను దగ్గర పెట్టేవాడు. లైను ఖాళీ కాగానే ఒక్కో ముక్కనూ యంత్రానికి అందించేవాడు. లైను తెగినా ముక్క అక్కడే ఉండేది. ఎక్స్‌ప్రెస్ తంతికి ఎక్కువ డబ్బు, అందుకే అది ఆర్డినరీ కన్నా ముందు పోయేది. ముందు భద్రపరచడం, తర్వాత పంపడం, ఎవరు ముందో తేల్చడం: క్యూకు కావలసిన మూడు గుణాలూ ఆ చింపిన టేపులోనే ఉన్నాయి. మన దేశంలో ఈ యంత్రాల కోసమే 1960లో మద్రాసులో హిందుస్థాన్ టెలిప్రింటర్స్ కంపెనీ పెట్టారు. తంతి సేవ 2013 జులైలో ఆగిపోయింది. పద్ధతి మాత్రం అప్పటికే కంప్యూటర్లలోకి చేరిపోయింది.

క్యూకు లెక్కల పునాది వేసినవాడు డెన్మార్క్ గణితజ్ఞుడు ఎర్లాంగ్. కోపెన్‌హాగెన్ టెలిఫోన్ కంపెనీలో పనిచేస్తూ 1909లో టెలిఫోన్ కాల్స్ రాకడ మీద ఆయన రాసిన వ్యాసంతో ఆ శాస్త్రం మొదలైంది. అందులోంచి పెరిగిన సూత్రాల్లో అన్నిటికన్నా సరళమైనది ఒకటి అందరూ తెలుసుకోదగ్గది. ఒక సందేశం పంపడానికి సగటున 1 సెకను పడుతుందనుకోండి. సందేశాలు లెక్కాపత్రం లేకుండా వచ్చిపడుతుంటాయి. యంత్రం సగం సమయమే పనిలో ఉంటే, ఒక సందేశం వచ్చి పని ముగించుకుని పోవడానికి సగటున 2 సెకన్లు. యంత్రం 90 శాతం పనిలో ఉంటే 10 సెకన్లు. 99 శాతానికి చేరితే 100 సెకన్లు. 50 నుంచి 99కి పని రెట్టింపు కూడా కాలేదు, పట్టే సమయం మాత్రం 50 రెట్లయింది. మార్చి 31 సాయంత్రం ఏ ఖజానా వ్యవస్థయినా ఎందుకు నత్తనడక నడుస్తుందో ఈ లెక్క చెబుతుంది. యంత్రం చెడిపోనక్కర్లేదు, తీరిక లేకుండా పోతే చాలు.

కానీ క్యూ ఎదుర్కొన్న అసలు చిక్కు వేగానిది కాదు, నమ్మకానిది. ఆ చిక్కును మొదట అచ్చులో పెట్టిన ముగ్గురిలో ఒకరి పేరు తెలుగు చెవికి దగ్గరగా ఉంటుంది. 1975లో అమెరికాలోని ఆస్టిన్‌లో జరిగిన ఆపరేటింగ్ సిస్టమ్స్ సదస్సుకు అక్కోయున్లు, కె. ఏకనాథం, హ్యూబర్ ఒక పత్రం సమర్పించారు. అందులో వాళ్లు రెండు దొంగల ముఠాల ఉదాహరణ ఇచ్చారు. 1978లో జిమ్ గ్రే అదే సమస్యను ఇద్దరు సేనానుల కథగా చెప్పాక ఆ పేరే స్థిరపడింది.

ఆ కథను మన నేల మీదికి తెచ్చుకుందాం. నంద్యాలలో ఒక దళం, ఆళ్లగడ్డలో ఒక దళం. మధ్యనున్న సుమారు 40 కిలోమీటర్ల దారి శత్రువు గుప్పిట్లో ఉంది. రెండు దళాలూ ఒకే వేళకు కదిలితేనే గెలుపు, ఒక్కటే కదిలితే నాశనం. నంద్యాల సేనాని వార్తాహరుణ్ని పంపాడు: రేపు తెల్లవారుజామున. వాడు దారిలో పట్టుబడవచ్చు. కాబట్టి ఆళ్లగడ్డ నుంచి జవాబు వస్తే తప్ప నంద్యాల కదలదు. జవాబు పంపిన ఆళ్లగడ్డకూ అదే బెంగ: నా జవాబు చేరిందా? అది తెలియాలంటే నంద్యాల మళ్లీ మనిషిని పంపాలి. ఇలా ఎన్ని కబుర్లయితే ఇద్దరికీ పూర్తి నమ్మకం కుదురుతుంది?

ఎన్నయినా కుదరదన్నది ఆ పత్రం తేల్చిన ఫలితం. నిరూపణ అందంగా ఉంటుంది. ఏదో ఒక సంఖ్యలో కబుర్లు సరిపోతాయనుకుందాం. వాటిలో అతి చిన్న సంఖ్యనే తీసుకుందాం. ఆ ఆఖరి కబురు కూడా దారిలో పోవచ్చు. అది పోయినా ఒప్పందం నిలవాలంటే, ఆ కబురు అసలు అవసరమే లేదన్నమాట. అలాంటప్పుడు మనం తీసుకున్నది అతి చిన్న సంఖ్య ఎలా అవుతుంది? దారిలో కబుర్లు పోయే అవకాశం ఉన్నంతకాలం రెండు యంత్రాలు ఒకే క్షణాన ఒకే నిశ్చయానికి రావడం సాధ్యం కాదు.

ఇది చదివి ఇంజనీర్లు చేతులు ముడుచుకు కూర్చోలేదు. వాళ్లు ప్రశ్నను మార్చారు. ఒకే క్షణాన నమ్మకం వద్దు. చివరికి పని ఒక్కసారే జరిగితే చాలు. దానికి రెండు నియమాలు కావాలి. అందిందని తెలిసేదాకా పంపేవాడు మళ్లీ మళ్లీ పంపాలి. వచ్చిందే మళ్లీ వస్తే పుచ్చుకునేవాడు గుర్తుపట్టి పక్కన పెట్టాలి. వ్యాపార సాఫ్ట్‌వేర్లో ఈ ఆలోచనకు స్థిరమైన రూపం 1990లలో వచ్చింది. ఐబీఎం 1993లో ఎంక్యూసిరీస్‌ను విడుదల చేసింది, దాని వారసులు నేటికీ బ్యాంకుల్లో నడుస్తున్నాయి. శాప్ తన పద్ధతిని తన సాఫ్ట్‌వేర్ లోపలే కట్టుకుంది. తెలుగునాట ఎక్కువమంది చేతుల్లో పడింది ఈ రెండోదే కాబట్టి కాస్త లోపలికి వెళ్లి చూద్దాం.

ఒక పత్రం ఆమోదం పొందినప్పుడు దాన్ని డేటాబేసులో రాస్తారు. బయటికి పోవాల్సిన సందేశాన్ని కూడా అదే చర్యలో, అదే కమిట్‌తో, అక్కడే ఒక పట్టికలో రాస్తారు. రెండూ పడతాయి, లేదా రెండూ పడవు. పత్రం ఉండి సందేశం లేకపోవడం, సందేశం పోయి పత్రం లేకపోవడం ఇక జరగవు. ప్రతి సందేశానికీ 24 అక్షరాల గుర్తు ఇస్తారు: పంపే యంత్రం చిరునామాకు 8, అందులో నడుస్తున్న ప్రోగ్రాం సంఖ్యకు 4, సమయానికి 8, వరుస లెక్కకు 4. అదే గుర్తు లోకంలో ఇంకో సందేశానికి పడకుండా చూసే ఏర్పాటు అది. అవతలి యంత్రం ముందు ఆ గుర్తును తన దగ్గర రాసుకుని, తర్వాత పని చేస్తుంది. అదే గుర్తుతో మళ్లీ వస్తే, ఈ పని అయిపోయిందని చెప్పి ఊరుకుంటుంది. పని అయిన కబురు అందాక పంపినవాడు తన నకలు చెరిపేసి, ఇక నువ్వూ మరచిపోవచ్చని చెబుతాడు. అప్పుడు గానీ పుచ్చుకున్నవాడు ఆ గుర్తును తుడవడు. మరచిపోవడానికి కూడా ఒక క్రమం ఉండాలన్న ఈ చిన్న ఏర్పాటు నాకు ఈ కథ మొత్తంలో అన్నిటికన్నా నచ్చిన చోటు.

మొదట్లో అవతలి యంత్రం పలక్కపోతే ప్రతి సందేశమూ తనకు తానే మళ్లీ ప్రయత్నించేది; 15 నిమిషాలకోసారి, గరిష్ఠంగా 30 సార్లు. ఒకటి రెండు సందేశాలకు ఇది బాగానే ఉంటుంది. అవతలి వ్యవస్థ అరపూట పడుకుంటే, వేల సందేశాలు వేల వేరువేరు ప్రయత్నాలుగా లేచేవి. పంపే యంత్రంలోని పని దారులన్నీ వాటితోనే నిండిపోయి, ఆ సందేశాలతో సంబంధంలేని గుమస్తా తెర కూడా కదిలేది కాదు. అవతలి జబ్బు ఇవతలికి అంటుకోవడమన్నమాట.

ఏ గమ్యానికి ఎప్పుడు పంపాలో చూసే షెడ్యూలరు పుట్టింది ఈ కష్టంలోంచే. శాప్ మనుషులు ఎస్ఎంక్యూఎస్ అన్న తెర తెరిచి, ఏ గమ్యానికి ఒకేసారి ఎన్ని దారులు వాడవచ్చో, ఒక విడతలో ఎన్ని సెకన్లు పంపవచ్చో అందులో రాస్తారు. మామూలుగా ఆ విడత 60 సెకన్లు. ఒక గమ్యానికి 60 సెకన్లు పంపి, దాన్ని పక్కన పెట్టి తర్వాతి గమ్యం వైపు తిరుగుతుంది షెడ్యూలరు. ఎంత పెద్ద కుప్ప ఉన్న గమ్యమైనా చిన్న గమ్యం వంతును మింగలేదు. అవతలి యంత్రం పలక్కపోతే దాని మీద మాత్రమే కాస్త ఆగి ప్రయత్నిస్తుంది. పంపే ప్రతి సందేశమూ తన దారి తాను చూసుకోవడం పోయి, అందరి తరఫునా ఒకరు చూడడం వచ్చింది.

క్రమం తప్పకూడని సందేశాలకు ఇంకో ఇబ్బంది ఉంది. కొత్త ఖాతాదారు వివరం ముందు పోవాలి, ఆయన బిల్లు తర్వాత పోవాలి. తారుమారైతే అవతలి యంత్రం ఈ మనిషెవరో నాకు తెలియదంటుంది. అందుకని పేరున్న క్యూలు పెట్టి, ఒక క్యూలో ముందున్నది పోతేనే వెనకది పోవాలన్నారు. అయితే ముందున్నదే చెడితే? అవతలి ప్రోగ్రాం దాన్ని తిరస్కరిస్తే క్యూ పక్కన సిస్‌ఫెయిల్ అని పడుతుంది, వెనకవన్నీ నిలిచిపోతాయి. లైను తెగితే పడేది వేరే గుర్తు, లైను సర్దుకోగానే క్యూ మళ్లీ తనంతట కదలవచ్చు. సిస్‌ఫెయిల్‌కు మనిషి కావాలి.

ఇక్కడే క్యూకు ఏ పేరు పెట్టామన్నది ఎంత పెద్ద నిర్ణయమో తెలుస్తుంది. జిల్లా అంతటికీ ఒకే క్యూ పెడితే, నంద్యాలలో ఒక తప్పు ఖాతా నంబరు ఆళ్లగడ్డ బిల్లులన్నిటినీ ఆపేస్తుంది. ఒక్కో ఖాతాకు ఒక్కో క్యూ పెడితే ఆ ఒక్క ఖాతా మాత్రమే ఆగుతుంది. ఒకదాని మీద ఒకటి ఆధారపడిన సందేశాలకే వరస కావాలి. సంబంధంలేని వాటిని ఒక తాటికి కట్టడం అనవసరమైన శిక్ష. ఈ నిర్ణయం ప్రోగ్రాం రాసే తొలి వారంలో ఎవరో ఒకరు తీసుకుంటారు. దాని ఫలితం ఏళ్ల తరబడి వేలమంది అనుభవిస్తారు.

ఆ నిర్ణయాలు తీసుకునే వాళ్లూ, అర్ధరాత్రి ఇరుక్కున్న క్యూను విప్పే వాళ్లూ చాలామంది మన పిల్లలే. హైదరాబాద్ అమీర్‌పేట మైత్రీవనం చుట్టుపక్కల శాప్ బేసిస్ (వ్యవస్థ నిర్వహణ), ఏబాప్ (ప్రోగ్రామింగ్) కోర్సులు నేర్చుకోవడానికి రాయలసీమ నుంచీ కోస్తా నుంచీ వచ్చిన కుర్రకారు ఇవాళ ప్రపంచం నలుమూలలా ఈ తెరల ముందు కూర్చుంటున్నారు. బేసిస్ పనిలో ఉన్నవాణ్ని అడిగితే ఎస్ఎంక్యూ1 అంటే బయటికి పోయే క్యూ, ఎస్ఎంక్యూ2 అంటే లోపలికి వచ్చే క్యూ అని నిద్రలో కూడా చెబుతాడు. వాళ్లకు మొదట నేర్పాల్సిన జాగ్రత్త ఒకటుంది. ఇరుక్కున్న క్యూలో ముందున్న సందేశాన్ని చెరిపేస్తే మిగతావి వెంటనే కదులుతాయి, తెర పచ్చగా మారుతుంది, పై అధికారి సంతోషిస్తాడు. కానీ ఆ చెరిపిన సందేశం ఎవరి జీతమో కావచ్చు. కారణం చదివి, అవతలి వైపు సరిచేసి, మళ్లీ పంపడమే పద్ధతి. దానికి ఇంకో గంట పట్టినా సరే.

తర్వాతి తరం క్యూలు వేరే దారి పట్టాయి. లింక్డ్‌ఇన్‌లో పుట్టి 2011లో అందరికీ తెరిచిన కాఫ్కాలో సందేశం అందాక కూడా వెంటనే చెరిగిపోదు. నిర్ణీత కాలం నిల్వ ఉంటుంది, చదివేవాడే తాను ఎక్కడిదాకా చదివాడో గుర్తుపెట్టుకుంటాడు. శాప్ కూడా పాత పద్ధతి స్థానంలో బీజీఆర్ఎఫ్‌సీ అన్న కొత్త పద్ధతి తెచ్చింది. మళ్లీ పంపడం, మళ్లీ వచ్చిందాన్ని గుర్తుపట్టడం అన్న రెండు నియమాలు మాత్రం ఎక్కడికీ పోలేదు.

బిల్లు పెట్టి ఎదురుచూసేవాడికి ఇదంతా ఎలా కనిపిస్తుంది? ఆయనకు నిరీక్షణ ఒక్కటే. కానీ ఆ నిరీక్షణ రెండు రకాలు. ఒకటి యంత్రానిది: లైను తెగింది, ఖాతా నంబరు తప్పింది, అవతలి వ్యవస్థ నిద్రపోతోంది. ఇది గంటల్లోనో రోజుల్లోనో తీరుతుంది. రెండోది ఖజానాది: డబ్బు చాలలేదు, లేదా ఎవరికి ముందు ఇవ్వాలో పైన ఎవరూ తేల్చలేదు. ఏ షెడ్యూలరూ దాన్ని తీర్చలేదు. ముందు వచ్చిన బిల్లుకు ముందు చెల్లింపు అన్న నియమం కావాలని కాంట్రాక్టర్లు అడిగేది ఈ రెండో క్యూ గురించే. అది మనుషులు రాసే క్రమం, సాఫ్ట్‌వేర్ దాన్ని పాటిస్తుంది తప్ప పుట్టించదు. రెండింటినీ కలిపి సర్వర్ సమస్య అనేస్తే నష్టపోయేది కింద ఉన్న మనిషే. ఎవరి దగ్గరికి వెళ్లి అడగాలో ఆయనకు తెలియకుండా పోతుంది.

యంత్రానికి ఈ తేడా తెలుసు. ఆగిన ప్రతి సందేశం పక్కనా అది ఎప్పుడు ఆగిందో, ఎన్నిసార్లు మళ్లీ పంపారో, అవతలి వ్యవస్థ ఏ కారణం చెప్పిందో రాసే ఉంటుంది. ఆ మూడు వివరాలు బేసిస్ మనిషి తెర మీదే నిలిచిపోనక్కర్లేదు. ఆళ్లగడ్డ బడిలో కూర్చున్న ప్రధానోపాధ్యాయుడికి అవి మామూలు తెలుగులో కనబడాలి. ఖాతా నంబరు తప్పయితే ఆ పూటే దిద్దుకుంటారు. తప్పు తమది కాకపోతే, ఎవరిని అడగాలో తెలుసుకుని నంద్యాల జిల్లా ఖజానా కార్యాలయానికి వెళ్లి అడుగుతారు.