పదునొకండు గంటలకు ఒక్క నిమిషము ముందు

1918 నవంబరు 11వ తేదీ వేకువను 5 గంటలు దాటి 10 నిమిషములైనపుడు, ఫ్రాన్సు దేశమందలి కంపియే అరణ్యమున నిలిచియున్న యొక రైలుపెట్టెలో యుద్ధవిరామ పత్రముపై చేవ్రాళ్లు పడినవి. పోరు నిలుచుట మాత్రము 11 గంటలకని నిర్ణయమాయెను. నడుమ మిగిలినవి దాదాపు ఆఱు గంటలు. వానిలోని కడపటి నిమిషమున, అనగా 10 గంటల 59 నిమిషములకు, హెన్రీ గుంథరను అమెరికా సైనికుడు నేలకొరగెను. వయస్సు 23 సంవత్సరములు. ఆ యుద్ధమున హతులైన అమెరికనులలో ఇతడే తుదివాడని మహాసేనాని పెర్షింగు తన దినాజ్ఞయందు పేర్కొనెను. మేము నేడు స్మరింపదలచినది ఈ యువకునే.

ఇతడు యుద్ధమును కోరి వరించినవాడు కాడు. బాల్టిమోరు నగరమున నొక బాంకిలో లెక్కలు వ్రాయు గుమాస్తా. పూర్వులు జర్మనీనుండి వలసవచ్చినవారు. పెరిగినది జర్మను కుటుంబములు దట్టముగా నున్న పేటలో. అమెరికా జర్మనీపై యుద్ధము ప్రకటించిన పిదప ఇట్టి కుటుంబములను ఇరుగుపొరుగులు అనుమానపు చూపు చూడసాగిరి. ఆ నగరమున జర్మను వీథియను పేరును సయితము 1918లో మార్చివైచిరి.

1917 మే 18వ తేదీన ఆ దేశమున నిర్బంధ సైనిక శాసనము వెలసినది. జూలైలో యుద్ధమంత్రి బేకరు కన్నులకు గంత గట్టించుకొని, గాజుపాత్రనుండి మొదటి చీటిని తీసెను. దానిపై సంఖ్య 258. మన యూళ్లలో అన్నదమ్ముల పంపకములకు చీట్లు వేసినచో ఎవరికే మడి వచ్చునో తేలును. ఆ చీట్లలో తేలినది ఎవరి ప్రాణము పణమగునన్నది. యుద్ధము ముగియులోపల ఈ శాసనముచే సైన్యమున చేర్పబడినవారు దాదాపు 28 లక్షలు. గుంథరు ఆ సెప్టెంబరులోనే చిక్కెను.

లెక్కలు తెలిసినవాడు గావున అతనిని 313వ పదాతిదళమున సామగ్రి చూచు సార్జంటుగా నియమించిరి. 1918 జూలైలో ఫ్రాన్సు చేరెను. అచ్చట చూచినది చూచినట్లు ఇంటికడనున్న మిత్రుని కొక జాబు వ్రాసెను: ఇచ్చటి స్థితి దుర్భరము, ఎట్లయినను నిర్బంధమునకు చిక్కక తప్పించుకొనుమని దాని సారాంశము. సైన్యములో జాబులు విప్పి చూచు అధికారి దానిని చదివెను. (ప్రజల జాబులు విప్పి చదువు ప్రభుత్వ మెట్టిదో మన తరముల వారికి వేఱుగ చెప్పనక్కఱలేదు.) ఫలితముగా సార్జంటు పదవి యూడి గుంథరు సామాన్య సైనికుడాయెను. అతడు చేసిన యపరాధ మేమి? స్నేహితునకు నిజము చెప్పెను. అంతియే.

ఆ దళము వారిలో పలువురు బాల్టిమోరు వారే. ఎదిరినవారిని ముఖము తెలియని శత్రువులుగా నెంచవచ్చునుగాని, తన యూరివారి నడుమ తలయెత్తి తిరుగుట యెట్లు? అతడు నాటినుండి లోలోన కుమిలెననియు, పోయిన గౌరవమును తిరిగి సంపాదించితీరవలెనను పట్టు అతని నావహించెననియు తోడి సైనికులు పిదప చెప్పిరి. అనంతరకాలమున నవలాకారుడుగా ప్రసిద్ధుడైన జేమ్సు కెయిను నాడు బాల్టిమోరు పత్రికా విలేఖరి. ఈ మాటలను 1919లో ప్రకటించినవాడు అతడే.

ఆ నవంబరు ఉదయమున దళము లొరేను ప్రాంతమున షోమాం గ్రామసమీపమున నుండెను. దట్టమైన పొగమంచు. విరామవార్త 10 గంటల 44 నిమిషములకు చేరినది. అయినను 11 గంటల వఱకు పట్టు సడలరాదని ఆ బ్రిగేడు అధిపతి యాజ్ఞ. ఎదుట బాట నడ్డగించి జర్మనుల మరతుపాకులు రెండు నిలిచియుండెను. గుంథరు లేచి, తుపాకి చేబూని వానిమీదికి నడచెను. అతని మిత్రుడైన సార్జంటు ఆగుమని యాజ్ఞాపించెను; ఆగలేదు. జర్మనులకును వార్త తెలియును. వారు చేతులూపిరి, వచ్చీరాని ఇంగ్లీషులో వెనుకకు పొమ్మని కేకలు వేసిరి. అతడింకను దగ్గఱకు వచ్చెను. అంతట వారు కాల్చిరి.

ఇతనిని ఉన్మత్తుడనుట సులభము. మేమట్లనజాలము. ఒక నిమిషము తాళనివాడు గుంథరయినచో, ఆఱు గంటలు తాళినవారి మాటయేమి? జర్మను రాయబారులు నవంబరు 8వ తేదీననే, సంధి నియమములు తేలువఱకు కాల్పులు నిలుపుడని యర్థించిరి. మార్షలు ఫోషు తిరస్కరించెను. చేవ్రాళ్లు పడిన పిమ్మటను అమెరికా సేనానియగు రైటు తన సైనికులకు స్నానవసతి కలుగునని స్తెనే పట్టణముపై దాడి నడపించెను. మూడు వందలకు మించిన సైనికులు హతులో క్షతగాత్రులో అయిరి. మధ్యాహ్నమైనచో ఆ పట్టణమునకు తుపాకి లేకయే నడచిపోవచ్చును. ఆ యొక్క దినమున ఉభయపక్షముల మృతులు 2,700కు మించిరని చరిత్రకారుల గణన. ఈ నెత్తురునకు కారణమేమని అమెరికా ప్రతినిధిసభ వారి ఉపసంఘము 1920లో సాక్ష్యములు విన్నది. ఏ సేనానికిని శిక్ష పడలేదు. శిక్ష పడినది జాబు వ్రాసిన గుమాస్తాకే.

నాడు మన దేశమున నిర్బంధ సైనిక శాసనము లేదు. పదుమూడు లక్షలకు పైబడిన భారతీయులు స్వచ్ఛందముగా పోయిరని ప్రభుత్వము చెప్పుకొనెను. వారిలో దాదాపు 74 వేలమంది మరలి రాలేదు. ఆ స్వచ్ఛందము పంజాబు గ్రామములలో ఎట్టి బలవంతములతో సాధింపబడెనో, 1920లో వెలువడిన కాంగ్రెసు విచారణ నివేదిక యెత్తిచూపినది. చట్టమున్నచో చీటి, లేనిచో తహసీలుదారుడు. పల్లెలోని తల్లికి ఈ రెంటికి భేదమేమి?

గుంథరుకు సార్జంటు పదవిని మరణానంతరము తిరిగి యిచ్చిరి. విశిష్ట సేవా పతకమును జోడించిరి. అస్థికలు 1923లో బాల్టిమోరు చేరి అచ్చటి కతోలికుల శ్మశానవాటికలో నిక్షిప్తమైనవి. అతడు పడినచోటికి సమీపమున 2008లో ఒక స్మారకశిల నిలిచినది.