కాళ్ల కింద నాపరాయి, దాని కింద గుహ: బెలూం చుట్టుపక్కల చూడాల్సినవి, జాగ్రత్తపడాల్సినవి

కర్నూలు, నంద్యాల, కడప, అనంతపురం జిల్లాల్లో నాపరాయి పరవని ఇల్లు కనబడటం కష్టం. వరండాలో బండలు, వంటింట్లో గట్టు, పాత ఇళ్లకైతే పైకప్పు కూడా ఆ రాయే. ఎండాకాలం మధ్యాహ్నం ఒంటికి చల్లగా తగిలే ఆ బండ మీద పడుకోని పిల్లలు ఆ ప్రాంతంలో ఉండరు. కానీ ఆ రాయి ఎక్కడ నుంచి వచ్చిందో, అదే రాయి కింద కిలోమీటర్ల పొడవున గుహలు ఎలా ఏర్పడ్డాయో తెలిసినవాళ్లు తక్కువ.

సెలవులు వస్తే ఊటీ, కొడైకెనాల్ అంటూ దూరాలు వెతుక్కునే కుటుంబాలకు, ఒక రోజులో వెళ్లి రాగలిగిన బెలూం గుహలు నంద్యాల జిల్లాలోనే ఉన్నాయి. వాటి చుట్టూ ఉన్న సున్నపురాయి నేల మొత్తం చూడదగినదే. అయితే ఈ నేల గట్టిగా కనిపిస్తుంది కానీ చాలా సున్నితమైనది. ఆ సంగతి తెలుసుకుని వెళ్తే చూసేది ఇంకా బాగా అర్థమవుతుంది.

సముద్రం అడుగున పుట్టిన రాయి

ఇప్పుడు చినుకు కోసం ఎదురుచూసే ఈ సీమ కోట్లాది ఏళ్ల క్రితం సముద్రం. ఆ నీటి అడుగున సున్నపు బురద పొరలు పొరలుగా పేరుకుంది. పై పొరల బరువుకు కింది పొరలు నొక్కుకుపోయి రాయిగా మారాయి. నాపరాయి పుస్తకం పేజీల్లా పలకలు పలకలుగా విడిపోవడానికి కారణం ఇదే. భూగర్భ శాస్త్రజ్ఞులు దీన్ని నార్జి సున్నపురాయి అంటారు. గవ్వలు, చేపలు లాంటి జీవులు భూమ్మీద ఇంకా పుట్టని కాలం నాటి రాయి ఇది. అందుకే బండను ఎంత వెతికినా గవ్వ ముద్ర కనబడదు.

కిళ్లీలో రాసే చూనా, పాత గోడలకు కొట్టిన సున్నం, సిమెంటు అన్నిటికీ మూలం సున్నపురాయే. నంద్యాల, కడప జిల్లాల్లో ఇన్ని సిమెంటు ఫ్యాక్టరీలు వెలిసింది కూడా ఈ రాయి కోసమే.

నీళ్లు రాయిని ఎలా తిన్నాయి?

కహఫ్ అంటే గుహ. జుమా రోజు సూరా కహఫ్ చదివే ఇళ్లలో పిల్లలు అడిగే ప్రశ్నే ఇది: కొండలో గుహ ఎవరు తవ్వుతారు? సున్నపురాయి నేలలో అయితే ఆ పని చేసేది నీరు.

వాన చినుకు గాలిలోంచి, మట్టిలోంచి కార్బన్ డయాక్సైడ్ వాయువును కలుపుకుని చాలా పలచని ఆమ్లంగా మారుతుంది. గోళీ సోడాలో ఉండేది కూడా ఈ ఆమ్లమే. రాతి పగుళ్లలోకి దిగిన ఆ నీరు సున్నాన్ని కొద్దికొద్దిగా కరిగిస్తుంది. వేల, లక్షల ఏళ్లకు వెంట్రుకంత పగులు మనిషి పట్టేంత దారి అవుతుంది. పైకప్పు పలచబడిన చోట నేల కుంగి బావి లాంటి గుంత పడుతుంది.

కరిగిన సున్నం మళ్లీ రాయి అవుతుంది కూడా. బోరు నీళ్లు మరిగించే గిన్నె అడుగున తెల్లటి పొర కడుతుంది కదా, అదే సంగతి. గుహ కప్పు నుంచి జారే చుక్క ఆ వాయువును వదిలేసి, రవ్వంత సున్నాన్ని అక్కడే దిగవిడుస్తుంది. పై నుంచి వేలాడేవి, కింద నుంచి లేచేవి అలా పెరిగినవే. ఒక సెంటీమీటరు పెరగడానికి దశాబ్దాలు పడుతుంది. కొన్నిచోట్ల వందేళ్లు దాటుతుంది.

బెలూం లోపల ఏముంది?

కొలిమిగుండ్ల మండలంలోని బెలూం గుహల పొడవు 3,229 మీటర్లు. అందులో దాదాపు కిలోమీటరున్నర దారి సందర్శకులకు తెరిచి ఉంది. దేశంలో దీనికంటే పొడవైన గుహలు మేఘాలయ కొండల్లో ఉన్నాయి. మైదాన ప్రాంతంలో మాత్రం ఇదే పెద్దది.

బయట నుంచి చూస్తే కొండ ఉండదు, గోపురం ఉండదు. చదును పొలాల మధ్య మూడు బావుల్లాంటి గుంతలు, అంతే. మధ్య గుంతలోకి మెట్లు దిగితే దారి మొదలవుతుంది. 1884లో బ్రిటిష్ భూగర్భ శాస్త్రజ్ఞుడు రాబర్ట్ బ్రూస్ ఫుట్ ఈ గుహల గురించి రాసి పెట్టాడు. ఆ తర్వాత సుమారు వందేళ్లు పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. 1982, 1983ల్లో డేనియల్ గెబావర్ నాయకత్వంలో జర్మన్ బృందం వచ్చి లోపలి దారులను కొలిచి పటం గీసింది. 1999లో రాష్ట్ర పర్యాటక సంస్థ చేతికి వచ్చాక దారులు, దీపాలు ఏర్పాటై, 2002లో జనానికి తెరిచారు.

అరకు దగ్గరి బొర్రా గుహలు చూసినవాళ్లు ఇక్కడా అంత పెద్ద హాలు, అన్ని రాతి స్తంభాలు ఉంటాయనుకుని వస్తారు. బెలూం తీరు వేరు. ఇక్కడ గొప్పంతా మెలికలు తిరిగిన పొడవైన దారులదే. పక్కగోడల్లో నీరు ఒరుసుకుపోయిన గీతలు, వంపులు ఇప్పటికీ స్పష్టంగా ఉన్నాయి. మర్రి ఊడల్లా దిగినవి ఒకచోట, పాము పడగల్లా విచ్చుకున్నవి మరోచోట కనిపిస్తాయి. తడితే మోగే రాళ్లున్న సప్తస్వరాల గుహ ఉంది. మోగుతుంది కదా అని ప్రతి ఒక్కరూ తడితే ఆ రాయి ఎన్నాళ్లు నిలుస్తుంది? పిల్లలకు ఈ మాట ముందే చెప్పి తీసుకెళ్లాలి.

అన్నిటికంటే లోతైన చోటు పాతాళగంగ. అక్కడ ఒక చిన్న నీటి పాయ కనిపించి, రాతి కిందకి వెళ్లి మాయమైపోతుంది. ఆ నీరు బెలూం ఊరి బావి వైపు పోతుందని స్థానికుల నమ్మకం. దారి సంగతి ఎలా ఉన్నా, గుహలో నీరు, ఊళ్లో నీరు వేరు కావన్న ఎరుక ఆ మాటలో ఉంది.

మనుషుల జాడలు

ఈ రాయి కింద దాచుకున్నది నీటిని ఒక్కటే కాదు. బేతంచెర్ల దగ్గరి బిల్లసర్గం గుహల్లో బ్రూస్ ఫుట్, ఆయన కొడుకు 1884, 1885ల్లో తవ్వకాలు జరిపి ఎన్నో జంతువుల ఎముకలు బయటికి తీశారు. మన దేశంలో గుహల్లో జరిగిన తొలి శాస్త్రీయ తవ్వకాల్లో అవి ముఖ్యమైనవి. అక్కడ బెలూంలా దీపాలు, మెట్లు ఆశించకూడదు. తెలిసిన మనిషి తోడు లేకుండా లోపలికి వెళ్లకూడదు.

బనగానపల్లె దగ్గర జుర్రేరు లోయలో జ్వాలాపురం ఉంది. సుమారు 74,000 ఏళ్ల క్రితం ఇండోనేషియాలోని సుమత్రా దీవిలో టోబా అగ్నిపర్వతం పేలినప్పుడు, ఆ బూడిద ఇంత దూరం వచ్చి పడింది. మైఖేల్ పెట్రాగ్లియా, రవి కోరిశెట్టర్ బృందం ఆ బూడిద పొరకు కింద, పైన కూడా రాతి పనిముట్లను గుర్తించి 2007లో ప్రకటించింది. కింద, పైన దొరికిన పనిముట్లు ఒకే తీరువి. అంత పెద్ద ఉపద్రవం తర్వాత కూడా ఇక్కడ మనుషులు బతికే ఉన్నారని వాళ్లు చెప్పారు.

బనగానపల్లె, గండికోట

బనగానపల్లె 1948 దాకా నవాబుల సంస్థానం. ఆ తర్వాత కర్నూలు జిల్లాలో కలిసింది. మామిడి పేరు చెబితే ఊరు గుర్తొచ్చేంత పేరు దీనిది. ఊరికి దగ్గరలోని యాగంటి కొండల దగ్గర రాతి పొరలు కళ్లకు కట్టినట్టు కనిపిస్తాయి. అది పుణ్యక్షేత్రం కాబట్టి కొండలు చూడటానికి వెళ్లేవాళ్లు అక్కడి పద్ధతులను గౌరవించాలి.

బెలూం నుంచి ఇంకాస్త దూరం వెళ్లగలిగితే జమ్మలమడుగు దగ్గర గండికోట ఉంది. పెన్నా నది కోసిన లోయ అది. అక్కడి ఎర్రటి రాయి సున్నపురాయి కాదు, గట్టి ఇసుకరాయి జాతిది. గుహలా కరగదు, అంచులు కత్తిరించినట్టు నిలబడి ఉంటాయి. పెమ్మసాని నాయకుల చేతిలోని ఈ కోటను 17వ శతాబ్దం మధ్యలో గోల్కొండ సేనాని మీర్ జుమ్లా గెలిచాడు. కోటలో ఆలయాలు, ధాన్యాగారం, జామా మసీదు దగ్గరదగ్గరగా ఉన్నాయి. లోయ అంచున చాలాచోట్ల అడ్డుకట్ట లేదు. సెల్ఫీ కోసం వెనక్కి అడుగు వేయడం ఇక్కడ ప్రాణాల మీదికి తెచ్చుకోవడమే.

కుటుంబంతో వెళ్తే

నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా వెళ్లడం మేలు. ఏప్రిల్, మే నెలల్లో బయట ఎండ మండిపోతుంది, గుహలో ఉక్కపోత. లోపలికి గాలి అందేలా ఏర్పాట్లు ఉన్నా కొద్దిసేపట్లోనే ఒళ్లంతా చెమట పడుతుంది. ఆస్తమా, గుండె జబ్బు, బీపీ ఉన్నవాళ్లు, గర్భిణులు లోతైన భాగాలకు దిగకపోవడం మంచిది. నానీ, దాదీలను బలవంతంగా కిందిదాకా తీసుకెళ్లొద్దు. కొన్నిచోట్ల వంగి నడవాలి, మెట్లు తడిగా ఉంటాయి.

జారని చెప్పులు లేదా బూట్లు వేసుకోవాలి. బుర్ఖా, చీర, పొడవాటి దుపట్టా వేసుకున్నవాళ్లు మెట్ల దగ్గర అంచు కాలికి అడ్డుపడకుండా చూసుకోవాలి. టార్చి ఒకటి దగ్గర ఉంచుకోవాలి. లోపల ఫోన్ సిగ్నల్ మీద ఆధారపడొద్దు. ఎవరైనా తప్పిపోతే ఎక్కడ కలవాలో దిగకముందే అనుకోవాలి. భారీ వాన పడ్డ రోజుల్లో అనుమతి ఉందో లేదో ముందే కనుక్కుని బయలుదేరాలి.

గుహ చూసి రావడానికి గంటన్నర, రెండు గంటలు పట్టొచ్చు. జుహర్ నమాజ్ సమయం చూసుకుని దిగితే హడావిడి ఉండదు. జుమా రోజైతే ఊళ్లో నమాజ్ చదివాక వెళ్లడం సులువు. వజూకు, తాగడానికి బండిలో సరిపడా నీళ్లు పెట్టుకోవాలి. రైల్లో వచ్చేవాళ్లకు తాడిపత్రి స్టేషన్ దగ్గర. అక్కడ నుంచి గుహలకు సుమారు 30 కిలోమీటర్లు.

దారిలో కనిపించే పాత క్వారీ గుంతల్లో నీళ్లు నిలిచి ఉంటాయి. చూడటానికి ఈతకొలనులా ఉంటాయి కానీ ఒడ్డు నుంచే నిలువు లోతు. పిల్లలను వాటి దరిదాపులకు కూడా పోనివ్వొద్దు.

పని కావాలి, గుహా కావాలి

కొలిమిగుండ్ల, బేతంచెర్ల, తాడిపత్రి వైపు రోడ్డు పక్కన విరిగిన బండల గుట్టలు, పాలిష్ యంత్రాల నుంచి వచ్చిన తెల్లటి బురద కనిపిస్తాయి. ఎన్నో కుటుంబాల కూడు ఆ రాతిలోనే ఉంది. క్వారీ మూసేయమని చెప్పడం సులువు, ఆ ఇంటి పొయ్యి మీదకి ఏం వస్తుందో చెప్పడం కష్టం. కానీ ఎక్కడ తవ్వాలి, ఎక్కడ ఆపాలి, బురద ఎక్కడ పోయాలి అనే లెక్క లేకపోతే నష్టం ముందుగా పడేది కూడా ఆ కుటుంబాల మీదే.

ఎందుకంటే మట్టి నేలలో నీరు వడకట్టుకుంటూ దిగుతుంది. సున్నపురాయి నేలలో పగుళ్ల గుండా, గుహల గుండా నేరుగా పోతుంది. గుంతలో పోసిన మురికి త్వరలోనే ఎవరో ఒకరి బావిలో, బోరులో తేలుతుంది. బెలూం గుహలే ఒకప్పుడు చుట్టుపక్కల చెత్త పడేసే చోటు. ఊరివాళ్లు పూనుకుని శుభ్రం చేయడం వల్లే ఈ రోజు టికెట్ కొని చూడగలుగుతున్నాం.

చూడటానికి వెళ్లేవాళ్లు చేయాల్సింది పెద్దదేం కాదు. గోడలను చేత్తో రుద్దొద్దు, చేతి జిడ్డు అంటిన చోట రాయి నల్లబడి పెరగడం ఆగిపోతుంది. పేర్లు చెక్కొద్దు. ముక్క విరిచి గుర్తుగా తెచ్చుకోవద్దు. చిప్స్ ప్యాకెట్, వాటర్ బాటిల్, పిల్లల డైపర్ ఏదైనా సరే తిరిగి బండిలోకే రావాలి. గుహలో పడేసింది అక్కడితో ఆగదు, ఆ కిందంతా ఊళ్లు తాగే నీరు.