జీతం ఇవ్వకూడదు, డబ్బు మాత్రం ఇవ్వొచ్చు.. అమెరికా కాలేజీ ఫుట్‌బాల్‌లో అసలేం జరుగుతోంది?

2024 సెప్టెంబర్‌లో లాస్ వేగాస్‌లోని నెవాడా యూనివర్సిటీ ఫుట్‌బాల్ జట్టు మంచి ఊపు మీద ఉంది. మూడు మ్యాచ్‌లు ఆడి మూడూ గెలిచింది. సరిగ్గా అప్పుడే ఆ జట్టు క్వార్టర్‌బ్యాక్ మాథ్యూ స్లూకా ఇక ఈ సీజన్‌లో ఆడనని చెప్పేశాడు. జట్టులో చేరేటప్పుడు ఒక కోచ్ లక్ష డాలర్లు ఇప్పిస్తామని నోటిమాటగా హామీ ఇచ్చాడని, ఆ డబ్బు చేతికి రాలేదని అతని ఏజెంట్ చెప్పాడు. యూనివర్సిటీ వాదన వేరు. ఒప్పుకున్నవన్నీ ఇచ్చామని, ఇప్పుడు అడుగుతున్నది 'ఆడితే డబ్బు' కిందికి వస్తుందని, అది ఎన్‌సీఏఏ రూల్స్‌కూ రాష్ట్ర చట్టానికీ విరుద్ధమని ప్రకటించింది.

స్లూకా మూడో మ్యాచ్ తర్వాతే ఎందుకు ఆగిపోయాడు? దానికో లెక్క ఉంది. ఒక సీజన్‌లో నాలుగు మ్యాచ్‌లకు మించి ఆడకపోతే ఆ ఏడాది ఆటగాడి ఖాతాలో ఖర్చు కింద పడదు. దీన్ని అక్కడ 'రెడ్‌షర్ట్' అంటారు. అలా మిగుల్చుకున్న సీజన్‌తో అతను వర్జీనియాలోని జేమ్స్ మాడిసన్ యూనివర్సిటీకి వెళ్లిపోయాడు. డబ్బు రూల్, అర్హత రూల్.. రెండూ ఎంత గట్టిగా ముడిపడి ఉన్నాయో చెప్పడానికి ఈ ఒక్క గొడవ చాలు.

కోచ్‌కు కోట్లు, కుర్రాడికి మెస్ టోకెన్

మనం ఫుట్‌బాల్ అనేదాన్ని అమెరికా వాళ్లు సాకర్ అంటారు. వాళ్ల ఫుట్‌బాల్ వేరు. కోడిగుడ్డు ఆకారంలో ఉండే బంతి, తలకు హెల్మెట్, భుజాలకు ప్యాడ్లు, ఒకరినొకరు గుద్దుకోవడం. అందులో కాలేజీ జట్ల ఆటకు ఉన్న క్రేజ్ బయటివాళ్లకు ఓ పట్టాన అర్థం కాదు. మిషిగన్ యూనివర్సిటీ స్టేడియంలో లక్షకు పైగా సీట్లున్నాయి. 'బిగ్ టెన్' అనే యూనివర్సిటీల కూటమి 2022లో చేసుకున్న టీవీ ఒప్పందం ఏడేళ్లకు 700 కోట్ల డాలర్లు దాటింది. అలబామా కోచ్‌గా ఉన్నప్పుడు నిక్ సేబన్ జీతం ఏడాదికి కోటి డాలర్ల పైమాటే.

మైదానంలో గుద్దులు తినే కుర్రాడికి మాత్రం దశాబ్దాల పాటు దక్కింది ఫీజు, హాస్టల్, పుస్తకాలు, తిండి. అంతకు మించి పైసా తీసుకుంటే అనర్హత. వీళ్లు ఉద్యోగులు కారు, విద్యార్థులు, సరదాగా ఆడుతున్నారు అన్నది కాలేజీ క్రీడలను నడిపే సంస్థ ఎన్‌సీఏఏ వాదన. 'విద్యార్థి క్రీడాకారుడు' అన్న మాట కూడా ఊరికే పుట్టలేదు. 1955లో కొలరాడోలో రే డెన్నిసన్ అనే ఆటగాడు మ్యాచ్‌లో తలకు దెబ్బ తగిలి చనిపోయాడు. పనిలో చనిపోయిన కార్మికుడికి ఇచ్చినట్టే పరిహారం ఇవ్వాలని అతని భార్య కోర్టుకెక్కారు. అతను ఉద్యోగి కాదంటూ 1957లో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు కొట్టేసింది. ఆటగాళ్లను ఉద్యోగులుగా లెక్కేస్తారేమోనన్న భయంతోనే ఆ మాటను పుట్టించి అన్నిచోట్లా వాడించామని అప్పట్లో ఎన్‌సీఏఏను నడిపిన వాల్టర్ బయర్స్ తర్వాత తన పుస్తకంలో ఒప్పుకున్నారు.

మరి టాలెంట్ ఉన్న కుర్రాడు కాలేజీ మానేసి నేరుగా ప్రొఫెషనల్ లీగ్‌కు పోవచ్చు కదా? పోనివ్వరు. హైస్కూల్ అయిన మూడేళ్లకు గానీ ఎన్‌ఎఫ్‌ఎల్ తలుపు తెరవదు. 2004లో మారిస్ క్లారెట్ అనే ఆటగాడు దీన్ని కోర్టులో సవాలు చేసి ఓడిపోయాడు. హైదరాబాద్ ఆటో డ్రైవర్ కొడుకు సిరాజ్‌ను 2017లో సన్‌రైజర్స్ 2.6 కోట్లకు వేలంలో కొనుక్కుంది. ఏ కాలేజీ అటెండెన్స్‌తోనూ దానికి పనిపడలేదు. అమెరికన్ ఫుట్‌బాల్‌లో అలాంటి దారి లేదు. పేదింటి పిల్లాడైనా సరే, మూడేళ్లు కాలేజీలో గుద్దులు తినాల్సిందే.

బల్ల కింద నుంచి

పై నుంచి ఇవ్వకపోతే కింద నుంచి వస్తుంది. డబ్బున్న పూర్వ విద్యార్థులు, స్థానిక వ్యాపారులు, అంటే అక్కడి భాషలో 'బూస్టర్లు', మంచి ఆటగాళ్ల ఇళ్ల చుట్టూ తిరగడం పాత ఆనవాయితీ. దీనికి పెద్ద ఉదాహరణ టెక్సస్‌లో డాలస్ నగరంలోని సదరన్ మెథడిస్ట్ యూనివర్సిటీ. 1985లోనే పట్టుబడి శిక్షలో ఉన్నా, 13 మంది ఆటగాళ్లకు ఒక బూస్టర్ డబ్బు నుంచి మొత్తం 61 వేల డాలర్లు ముట్టాయి. నెలకు కొందరికి 50 డాలర్లు, కొందరికి 725. ఆపేస్తే కుర్రాళ్లు నోరు విప్పుతారేమోనన్న భయం ఒకటి. 1987 ఫిబ్రవరిలో ఎన్‌సీఏఏ ఆ జట్టు సీజన్ మొత్తాన్నీ రద్దు చేసింది. వచ్చే ఏడాది కూడా యూనివర్సిటీయే ఆడనని చేతులెత్తేసింది. చెల్లింపులు కొనసాగించాలన్న నిర్ణయంలో తన పాత్ర ఉందని మార్చిలో స్వయంగా టెక్సస్ గవర్నర్ బిల్ క్లెమెంట్స్ ఒప్పుకున్నారు. అంతకుముందు ఆ యూనివర్సిటీ పాలకమండలి పెద్ద ఆయనే.

'మరణశిక్ష'గా పేరుపడ్డ ఆ దెబ్బకు, 1989లో తిరిగొచ్చాక ఇరవై సీజన్లలో ఆ జట్టు ఓటముల కన్నా గెలుపులు ఎక్కువ చూసింది ఒక్కసారే. ఫుట్‌బాల్‌లో మరే పెద్ద యూనివర్సిటీకీ ఆ శిక్ష మళ్లీ పడలేదు. వింతేమిటంటే, అదే యూనివర్సిటీ 2024లో తొమ్మిదేళ్ల టీవీ వాటా వదులుకుని మరీ ఒక పెద్ద కూటమిలో చేరింది. లోటు పూడ్చింది దాతలే. ఆ ఏడాదే జాతీయ ప్లేఆఫ్‌కు వెళ్లింది. ఈసారి ఎవరూ దొంగచాటుగా ఏమీ చేయక్కర్లేకపోయింది.

2010లో క్యామ్ న్యూటన్ వ్యవహారం ఇంకో రకం. కొడుకును పంపాలంటే డబ్బివ్వాలని అతని తండ్రి మిసిసిపీ స్టేట్ యూనివర్సిటీతో మధ్యవర్తి ద్వారా బేరం పెట్టినట్టు ఎన్‌సీఏఏ తేల్చింది. కొడుక్కి తెలిసినట్టు ఆధారం లేదంటూ ఆడనిచ్చింది. అతను ఆబర్న్ తరఫున ఆడి జాతీయ టైటిల్ గెలిపించాడు. అదే సంవత్సరం రెజీ బుష్ తన కుటుంబం అందుకున్న లాభాల వల్ల ప్రతిష్ఠాత్మక హైస్‌మన్ ట్రోఫీ వదులుకోవాల్సి వచ్చింది. 2024లో దాన్ని మళ్లీ ఆయనకే ఇచ్చేశారు. నిన్న నేరమైనది నేడు పద్ధతి అయిపోయింది కదా మరి.

పేరు అమ్ముకో, ఆట అమ్ముకోకు

ఆ పద్ధతిని మార్చింది కోర్టులు, రాష్ట్రాలు. 2019లో కాలిఫోర్నియా, ఆటగాళ్లు తమ పేరు, ఫొటో, గుర్తింపుతో సంపాదించుకోవచ్చని చట్టం చేసింది. 2021 జూన్‌లో ఆల్‌స్టన్ కేసులో సుప్రీంకోర్టు తొమ్మిది మంది జడ్జీలూ ఎన్‌సీఏఏకు వ్యతిరేకంగా తీర్పిచ్చారు. పది రోజులు తిరక్కుండానే, జూలై 1 నుంచి, దేశమంతా ఆ సంపాదనకు తలుపు తెరుచుకుంది. దీన్నే పొట్టిగా ఎన్‌ఐఎల్ అంటున్నారు.

రూల్ వినడానికి బాగుంటుంది. షూ కంపెనీ యాడ్‌లో నటిస్తే డబ్బు తీసుకోవచ్చు. 'మా యూనివర్సిటీకి వస్తే ఇంత' అంటే తప్పు. కానీ బూస్టర్లు 'కలెక్టివ్' పేరుతో సంస్థలు పెట్టి, చందాలు పోగేసి, ఆటగాడితో రెండు సోషల్ మీడియా పోస్టులు పెట్టించి లక్షల డాలర్లు ఇస్తే అది యాడా, బేరమా? ఇద్దరికీ తెలుసు అది బేరమేనని. కాగితం మీద మాత్రం యాడ్.

మోసపోయేది ఎక్కువగా కుర్రాళ్లే. జేడెన్ రషాడా అనే హైస్కూల్ క్వార్టర్‌బ్యాక్‌కు ఫ్లోరిడా యూనివర్సిటీ వైపు నుంచి 1.38 కోట్ల డాలర్ల ఒప్పందం కుదిరింది. డబ్బు రాలేదు, అతను ఆ యూనివర్సిటీ వదిలి అరిజోనా వెళ్లాడు. 2024 మేలో ఫ్లోరిడా కోచ్ మీదా, మరికొందరి మీదా కేసు వేశాడు. ఇక టెనసీలో ఇలాంటి ఒప్పందాలపై ఎన్‌సీఏఏ విచారణ మొదలుపెడితే, టెనసీ, వర్జీనియా రాష్ట్రాల అటార్నీ జనరళ్లు ఎన్‌సీఏఏ మీదే కేసు పెట్టారు. 2024 ఫిబ్రవరిలో ఫెడరల్ జడ్జి ఆ రూల్స్ అమలును నిలిపేశారు. కాపలాదారు చేతిలో లాఠీ పోయింది.

కొత్త లెక్క

2025 జూన్ 6న జడ్జి క్లాడియా విల్కెన్ ఆమోదించిన 'హౌస్' కేసు రాజీతో యూనివర్సిటీలే నేరుగా ఆటగాళ్లకు వాటా ఇవ్వొచ్చు. మొదటి ఏడాది పరిమితి ఒక్కో యూనివర్సిటీకి 2.05 కోట్ల డాలర్లు, మన లెక్కన 170 కోట్ల రూపాయలకు పైనే. గతంలో ఆడినవాళ్లకు పదేళ్లలో దాదాపు 280 కోట్ల డాలర్ల బకాయి. బయటి ఒప్పందం 600 డాలర్లు దాటితే డెలాయిట్ నడిపే వ్యవస్థకు చూపించాలి. నిజమైన వ్యాపార అవసరం ఉందా, రేటు సబబేనా అని అది చూస్తుంది. అంటే జీతం వచ్చింది, 'ఆడితే డబ్బు' మీద నిషేధం మాత్రం పేరుకు అలాగే ఉంది.

సంవత్సరం విలువ పెరిగింది

అర్హత రూల్స్‌లో చదువు సంగతి మొదట. డివిజన్-1లో ఆడాలంటే హైస్కూల్లో 16 ముఖ్య సబ్జెక్టులు, 2.3 సగటు గ్రేడ్ కావాలి. కాలేజీలో ఫుల్‌టైమ్ చదవాలి, రెండో ఏడాది చివరికి డిగ్రీలో 40 శాతం, మూడో ఏడాదికి 60, నాలుగో ఏడాదికి 80 శాతం పూర్తి కావాలి. అమలు? నార్త్ కరోలైనా యూనివర్సిటీలో ఏళ్ల తరబడి క్లాసు జరక్కుండానే మార్కులు పడ్డాయి, అందులో చేరినవాళ్లలో దాదాపు సగం మంది ఆటగాళ్లు. ఆ క్లాసులు విద్యార్థులందరికీ అందుబాటులో ఉన్నవే కాబట్టి శిక్షించలేమని 2017లో ఎన్‌సీఏఏ చేతులు దులుపుకుంది.

అసలు పోరాటం ఇప్పుడు కాలం మీద. కాలేజీలో చేరిన రోజు గడియారం మొదలవుతుంది. ఐదేళ్లలో నాలుగు సీజన్లు. వాండర్‌బిల్ట్ క్వార్టర్‌బ్యాక్ డియేగో పావియా మొదట జూనియర్ కాలేజీలో ఆడాడు. అది ఎన్‌సీఏఏలో సభ్యత్వం లేని కాలేజీ కాబట్టి ఆ సీజన్లు లెక్కించొద్దని, లెక్కిస్తే పది లక్షల డాలర్లకు పైగా పోతాయని కోర్టుకెళ్లాడు. 2024 డిసెంబర్‌లో జడ్జి అతని వైపే మొగ్గారు. అలాంటి పరిస్థితిలో ఉన్న మిగతావాళ్లకూ ఎన్‌సీఏఏ ఒక ఏడాది సడలింపు ఇవ్వాల్సొచ్చింది. డబ్బు లేని రోజుల్లో ఐదో ఏడాది కోసం వకీళ్లను పెట్టుకున్నవాళ్లు అరుదు. ఇప్పుడు ఒక సీజన్ అంటే ఒక ఇల్లు.

ఇక వాటాల సంగతి. చాలా యూనివర్సిటీల్లో సింహభాగం ఫుట్‌బాల్‌కు, తర్వాత పురుషుల బాస్కెట్‌బాల్‌కు పోతోంది. స్త్రీ పురుషులకు సమాన అవకాశం ఇవ్వాలన్న చట్టం ఏమైందంటూ కొందరు మహిళా క్రీడాకారులు బకాయిల పంపకంపై అప్పీల్‌కు వెళ్లారు. విదేశీ ఆటగాళ్లది ఇంకో చిక్కు. కాలేజీ ఫుట్‌బాల్‌లో బంతిని కాలితో తన్నే 'పంటర్లు' చాలామంది ఆస్ట్రేలియా కుర్రాళ్లు. వాళ్లదీ మన తెలుగు పిల్లలు వెళ్లే ఎఫ్-1 వీసానే, అవే ఆంక్షలు. క్యాంపస్ బయట పని చేస్తే వీసాకే ముప్పు. పక్క ఆటగాడు కారు కంపెనీ యాడ్‌లో నవ్వుతుంటే వీళ్లు చూస్తూ కూర్చోవాలి.

ఈ డబ్బంతా ఎక్కడిది? టెనసీ యూనివర్సిటీ సీజన్ టికెట్ మీద 'టాలెంట్ ఫీజు' పేరుతో 10 శాతం అదనంగా వేసింది. క్లెమ్సన్ యూనివర్సిటీ విద్యార్థుల మీద సెమిస్టర్‌కు 150 డాలర్ల అథ్లెటిక్స్ ఫీజు పెట్టింది. అక్కడ ఎమ్మెస్‌కో, డిగ్రీకో పిల్లల్ని పంపే తల్లిదండ్రులు ఫీజు బిల్లులో ఇలాంటి లైన్ ఒకటి ఉందేమో ఓసారి చూసుకోవడం మంచిది.