వడగళ్ళు వెలిశాక తలుపు తట్టిన మనిషి

"అక్కా, ఇందాక ఒక కాగితం మీద సంతకం పెట్టేశాను. ఆయన ఇంట్లో లేరు. తప్పు చేశానంటావా?"

డల్లాస్ పక్కన ఫ్రిస్కోలో ఉంటున్న మా పిన్నికూతురి ఫోను. ముందురోజు సాయంత్రం నిమ్మకాయలంత వడగళ్ళు పడ్డాయట. టెక్సాస్‌లో వసంతకాలం వచ్చిందంటే ఇది మామూలే. అక్కడి ఇళ్ళకి మనలా డాబా ఉండదు, చెక్క మీద తారు పలకలు పరుస్తారు. వడగళ్ళ దెబ్బకి అవి పాడవుతాయి. మర్నాడు పొద్దున్న పదింటికల్లా ఒకతను వచ్చి, "మీ కప్పు పోయింది. ఇన్సూరెన్స్ వాళ్ళతో నేను మాట్లాడి డబ్బు ఇప్పిస్తాను. మీ చేతినుంచి ఒక్క డాలరు పడదు" అన్నాడు. భర్త ఆఫీసుకి, పిల్లలు బడికి వెళ్ళిన వేళ. (ఇలాంటివాళ్ళు సరిగ్గా ఆ వేళకే ఎందుకొస్తారో మనకి తెలియనిదా!)

"ఆ కాగితం చదువు, వింటాను" అన్నాను.

అమెరికాలో ఇంటికి నష్టం జరిగితే లెక్క కట్టేవాళ్ళని అడ్జస్టర్లంటారు. కంపెనీలో జీతానికి పనిచేసేవాళ్ళు ఒకరు. కంపెనీ బయటినుంచి పిలిపించుకునే 'ఇండిపెండెంట్' అడ్జస్టర్లు రెండోరకం. పేరు చూసి మోసపోకండి, వాళ్ళకీ డబ్బిచ్చేది కంపెనీయే. మూడోవాడు పబ్లిక్ అడ్జస్టరు. 'పబ్లిక్' అన్నారు కదాని ప్రభుత్వోద్యోగి అనుకునేరు! ఇంటివాళ్ళు తమ తరఫున పెట్టుకునే మనిషి. వచ్చే డబ్బులో శాతం తీసుకుంటాడు. ఇల్లు తగలబడినప్పుడో, కంపెనీ మరీ తక్కువ కట్టినప్పుడో ఇతను నిజంగా పనికొస్తాడు. కానీ ఇరవై వేల డాలర్లు వస్తే, పదిశాతం లెక్కన రెండువేలు అతనికి పోతాయి. కప్పు వేయించడానికి ఆ రెండువేలూ మళ్ళీ మనమే వెతుక్కోవాలి.

అందుకే చట్టం కొన్ని కట్టుబాట్లు పెట్టింది. టెక్సాస్‌లో పబ్లిక్ అడ్జస్టరుకి రాష్ట్ర ఇన్సూరెన్స్ శాఖ లైసెన్సు ఉండాలి. ఫీజు పదిశాతం దాటకూడదు. నష్టం సంగతి చెప్పిన 72 గంటల్లోగా కంపెనీ పాలసీ మొత్తం ఇస్తామని రాసిచ్చేస్తే, అతనికి శాతం రాదు, పడ్డ శ్రమకి తగ్గ కూలే. ఫ్లోరిడాలో మామూలుగా 20 శాతం దాకా తీసుకోవచ్చు. గవర్నరు ఎమర్జెన్సీ ప్రకటించిన తుఫాను నష్టాలకైతే మొదటి ఏడాది 10 శాతమే. ఏ రాష్ట్రం లెక్క ఆ రాష్ట్రానిదే.

మా చెల్లి చదువుకుంటూ పోయింది. శాతం పదే ఉంది. కప్పు మాత్రం 'మా మనుషులే వేస్తారు' అని రాసి ఉంది. అక్కడే ఆపమన్నాను. టెక్సాస్‌లో క్లెయిము మాట్లాడేవాడు ఆ ఇంటి రిపేరు పని చేయకూడదు, రిపేరు చేసే కాంట్రాక్టరు అడ్జస్టరుగా మాట్లాడకూడదు. కాగితం మీద లైసెన్సు నంబరూ లేదు. ఇన్సూరెన్స్ శాఖవాళ్ళని అడిగితే, ఆ పేరుతో లైసెన్సే లేదన్నారు. అతను ఉత్త కాంట్రాక్టరు!

పబ్లిక్ అడ్జస్టరుతో చేసుకున్న ఒప్పందాన్ని సంతకం పెట్టిన 72 గంటల్లోగా రద్దు చేసుకునే హక్కు అక్కడ ఉంది. "ఒప్పందం రద్దు చేసుకుంటున్నాను" అని రెండు ముక్కలు రాసి, తేదీ వేసి, ఈమెయిల్లోనూ పోస్టులోనూ ఆ రోజే పంపించింది. ఫోన్లో చెప్పి ఊరుకోలేదు.

తర్వాత కంపెనీకి తనే ఫోన్ చేసింది. వాళ్ళ అడ్జస్టరు వచ్చి చూశాడు, పైసా ఖర్చు లేదు. వాననీటి గొట్టాలు లెక్కలో వదిలేస్తే, తను తీసిపెట్టుకున్న ఫోటోలు చూపించి వేయించుకుంది. డిడక్టిబుల్, అంటే మన వంతు సొమ్ము, తనే కట్టుకుంది. 'ఒక్క డాలరు పడదు' అన్నాడే, అలా ఆ వంతుని కాంట్రాక్టరు మాఫీ చేయడం 2019 నుంచి టెక్సాస్‌లో నేరం.

మన దగ్గర పబ్లిక్ అడ్జస్టరు అనే లైసెన్సే లేదు. నష్టం చూసేది సర్వేయరు, అతని ఫీజు కంపెనీయే ఇస్తుంది. అందుకని, 'కమిషనిస్తే క్లెయిమ్ తెప్పిస్తాం' అనేవాడు ఎదురైతే ఏ లైసెన్సు మీద అంటున్నాడో అడగండి. కంపెనీకి రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి, నెలలో జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా, ఏడాదిలోగా హైదరాబాదులోని ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్‌కి రాసుకోవచ్చు. తెలుగు రాష్ట్రాలు రెండింటికీ ఆ ఆఫీసే. 50 లక్షల దాకా వింటారు. ఫీజు లేదు, లాయరుని రానివ్వరు కూడా.

మొన్న మళ్ళీ వడగళ్ళు పడ్డాయట. తలుపు తట్టినవాణ్ణి మా చెల్లి గుమ్మంలోనే నిలబెట్టి లైసెన్సు నంబరు అడిగింది. కార్లో ఉంది తెస్తానని వెళ్ళినవాడు ఇంతవరకూ రాలేదట.